జీపుకు ఎత్తు పెంచే ముందు దాని కిందికి దూరి చూడు తమ్ముడా

పోయిన నెల ఎమ్మిగనూరు నుంచి ఒక తమ్ముడు ఫోను చేసినాడు. డిగ్రీ అయిపోయి రెండేండ్లయింది. ఇంట్లో పత్తి, మిరప సేద్యం. "అన్నా, పాత జీపు దొరికింది. ఎమ్ఎమ్ 540. నాలుగు చక్రాలకూ పవరుండేది. ముప్పై ఒక్క ఇంచుల టైర్లేసి, బండిని ఇంకో నాలుగించులు లేపి, ముందర లావు బంపరు పెట్టిద్దామనుకుంటాండా. నీ దగ్గర గూడా జీపు ఉండాది గదా, ఏమంటావు?" అన్నాడు.

"బండి కిందికి దూరి చూసినావా?" అని అడిగినా.

"లేదన్నా. వీడియో తీసి పంపిస్తా, చూడు."

చూసినా. రంగు బాగుండాది. వెనకాల పెట్టిన పాట గూడా బాగుండాది. ఇరుసులు మాత్రం యాడా కనపడలేదు.

ఆ తమ్మునికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఈడ రాస్తాండా. నేను మెకానిక్కును కాదు. పదో తరగతి తర్వాత బడి మొగం చూసినోణ్ణి గూడా కాదు. జీపు గురించి నాకు తెలిసిందంతా ఆదోని షెడ్లల్లో నేలమీద పండుకొని, మేస్త్రీలతో తిట్లు తిని, వేళ్ళు నలగ్గొట్టుకొని నేర్చుకున్నదే. తప్పులు శానా చేసినా. వాటిల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టనీదు. దాన్ని ముందు చెప్తా.

సినిమావాళ్ళు సీమ అంటే సుమోలు గాల్లోకి లేసేదే చూపిస్తారు. మా పడమటి మండలాల్లో బండి గాల్లోకి లేసేది అట్లుండనీ, బురదలోంచి లేస్తే చాలు. ఆదోని, ఆస్పరి, ఆలూరు, హొళగుంద దిక్కు నల్లరేగడి నేలలు. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు ఇస్తాది. వాన పడిందంటే అదే మన్ను నీళ్ళు తాగి ఉబ్బి, మైనం మాదిరి అవుతాది. నడిస్తే చెప్పులు ఊడబీకుతాది. సైకిలు చక్రానికి మడ్గార్డుకు నడమ ఇరుక్కొని సైకిలునే మోయాల్సి వస్తాది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతంలో 500 మంది జనం ఉన్న ఊర్ల దాకానే లెక్కలోకి తీసుకునింది. అంతకు తక్కువుంటే ఆ ఊరి దావ దావగానే మిగిలింది. రోడ్డు రావాల్సిన చోటికి పాత జీపు వచ్చింది, అది గూడా మన సొంత దుడ్లతో. ఆ సంగతి గురించి ఇంకో దినం కొట్లాడుదాం.

మేము ముగ్గురు స్నేహితులం కలిసి 2008లో ఒక పాత జీపు కొన్నాము. సుగ్గికి పోయేటోళ్ళ ఊర్లు తిరగడానికి, కూలి లెక్కలు రాసుకోడానికి, మీటింగులకు. నాలుగు చక్రాల జీపు అని మాకు శానా గర్వం. బయటికి బాగా చూసుకుంటిమి. రంగు వేయించినాము, సీట్లు కుట్టించినాము, ముందర రెండు పెద్ద లైట్లు బిగించినాము. కిందికి దూరింది మాత్రం ఎప్పుడూ లేదు.

మూడేండ్ల తర్వాత, సెప్టెంబరులో ఒక రాత్రి. హొళగుంద దిక్కు ఒక చిన్న పల్లె నుంచి ఫోను. ఒక చెల్లెలికి నొప్పులు మొదలైనాయి. అంబులెన్సు తారు రోడ్డు దాకా వచ్చి నిలబడింది. ఆడ నుంచి ఊర్లోకి మూడు కిలోమీటర్లు రేగడి దావ, సాయంత్రం నుంచి వాన. "నీది ఫోర్‌వీల్ జీపు గదన్నా, నువ్వు రా" అన్నారు. పోయినా. పోయేటప్పుడు ఊపు మీద ఎట్లనో చేరుకున్నా. ఆమెను, వాళ్ళమ్మను ఎక్కించుకొని తిరిగి వస్తాంటే నడి దావలో వెనక చక్రాలు తిరగడం మొదలుపెట్టినాయి. సరే, ఇప్పుడే గదా దీని పని అని ముందర ఇరుసు కలిపే రాడ్డు పట్టుకొని లాగినా. కదల్లేదు. రెండు చేతులతో లాగినా. సుత్తితో కొట్టినా. ఏడాదికి పైన ఆ రాడ్డును ఎవరమూ తాకలేదు. పిన్నులు, లోపలికి పోయే కడ్డీలు తుప్పు పట్టి బిగుసుకొనిండాయి.

ఊర్లోంచి ట్రాక్టరు తెచ్చినారు. ట్రాలీలో గోనెసంచులు పరిచి, పైన పట్ట కప్పి, ఆ చెల్లెల్ని అందులో పండబెట్టినారు. తారు రోడ్డు చేరకముందే ట్రాలీలోనే కాన్పు అయ్యింది. తల్లీ బిడ్డా బాగుండారు. ఆ బిడ్డ ఇప్పుడు హైస్కూలుకు పోతాంది. అయినా ఆ వాళ్ళమ్మ నా దిక్కు చూసిన చూపు యాడికీ పోలేదు. ఒక ముప్పావు గంట గ్రీజు గన్ను పట్టుకొని కింద పండుకొని ఉంటే తప్పిపోయేది అది.

అందుకే ఎవరు జీపు గురించి అడిగినా నేను టైర్ల కాడ మొదలుపెట్టను.

మొదలు ఆ రెండు రాడ్ల సంగతి. ఈ జీపుల మూలం అమెరికా సైన్యం కోసం 1941లో తయారైన విల్లీస్ జీపు. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు ఆ బండిని మన దేశంలో బిగించడం మొదలుపెట్టి, తర్వాత తర్వాత ఈడనే తయారుచేసినారు. 1980ల నడమ వచ్చిన ఎమ్ఎమ్ 540లో ప్యూజో కంపెనీ నమూనా డీజిలు ఇంజిను పెట్టినారు. మన దిక్కు దొరికే పాత ఫోర్‌వీల్ జీపుల్లో ఇవే ఎక్కువ. 2010లో వచ్చిన థార్, 2020లో వచ్చిన కొత్త థార్ వీటి మనవళ్ళు, మునిమనవళ్ళు.

ఇంజిను బలం గేరుబాక్సులోంచి వెనక ఇరుసుకు పోయేది అన్ని బండ్లకూ ఉన్నదే. ఫోర్‌వీల్ జీపులో గేరుబాక్సుకు ఆనుకొని ఇంకో పెట్టె ఉంటాది, ట్రాన్స్‌ఫర్ కేసు. గేరు రాడ్డు పక్కన కనపడే రెండు పొట్టి రాడ్లు దానివే. ఒకటి ముందర ఇరుసును కలుపుతాది. రెండోది హై, లో మారుస్తాది. లో వేస్తే ఈ పాత పెట్టెల్లో చక్రానికి పోయే లాగుడు దాదాపు రెండున్నర రెట్లవుతాది. వేగం అంతే తగ్గుతాది. ముందర ఇరుసు కలిపినాకనే లో పడేటట్ల లోపల అడ్డం పెట్టింటారు. బండి నిలబెట్టి, క్లచ్చు తొక్కి లో వేయాల. ఉరుకుతున్నప్పుడు లాగితే పళ్ళు అరుస్తాయి.

ఇంగొక మాట. ఈ జీపుల్లో ముందర ఇరుసుకు, వెనక ఇరుసుకు నడమ సర్దుబాటు చేసేది ఏమీ లేదు. బండి మలుపు తిరిగేటప్పుడు ముందర చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాల. బురదలోనైతే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటాది. తారు రోడ్డు మీద జారదు. అప్పుడు ఆ తేడా అంతా జాయింట్ల మీద, గేరు పళ్ళ మీద పడి మెలిపెడతాది. స్టీరింగు బరువైపోయి, రాడ్డు వెనక్కి లాగినా రాదు. తారు రోడ్డు ఎక్కంగానే ఫోర్‌వీల్ తీసేయాల. "ఫోర్‌వీల్‌లో పోతే గ్రిప్పు గదన్నా" అని ఆదోని నుంచి మంత్రాలయం దాకా అట్లనే పోయినోడు నాకు తెలుసు. ముందర జాయింటు క్రాసు ముక్కలైపోయింది.

నాలుగు చక్రాలు అంటారు గానీ, ఖరాఖండిగా చెప్పాలంటే అది గూడా పూర్తి నిజం కాదు. ఒక్కో ఇరుసు నడమ డిఫరెన్షియల్ ఉంటాది. ఒక చక్రం పట్టు తప్పి తిరగడం మొదలుపెడితే, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికి గూడా అంతే బలం పోతాది, అంటే దాదాపు ఏమీ పోదు. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి జారిపడితే రెండోది ఎంత బలమున్నా నిలబడిపోయినట్ల. ముందర ఒకటి, వెనక ఒకటి తిరుగుతా ఉంటాయి, బండి అట్లనే కూర్చుంటాది. అట్లాంటప్పుడు ఎక్సిలేటరు గట్టిగా తొక్కితే గుంత లోతవుతాది అంతే. కొంచెం రేసిచ్చి, బ్రేకు మీద కొంచెం ఒత్తిడి పెడితే తిరిగే చక్రం మెత్తబడి రెండోదానికి కొంత బలం పోతాది. నిజంగా బురద దావల్లోనే తిరిగేటోడు దుడ్లుంటే వెనక ఇరుసుకు లాకరు వేయించుకోవచ్చు. రెండు చక్రాలను ఒకటిగా బిగించేస్తాది. పెద్ద టైర్ల కంటే అది ఎక్కువ పనికొస్తాది గానీ రీల్సులో కనపడదు.

ఇప్పుడు కిందికి దూరుదాం.

అట్ట ఒకటి పరుచుకొని పండుకో. ఇరుసు నడమ గుండు మాదిరి ఉన్నదాని పక్కన నూనె పోసే బిరడా ఉంటాది. తీసి వేలు పెట్టి చూడు. నూనె నల్లగా, చిక్కగా ఉంటే సరే. టీ చాయలో, పాలు కలిపినట్ల ఉంటే లోపలికి నీళ్ళు పోయినాయని. నీళ్ళు ఎట్ల పోతాయో చెప్తా, శానామందికి తెలీదు. బండి పది కిలోమీటర్లు తిరిగితే ఇరుసు లోపల నూనె, గాలి వేడెక్కుతాయి. ఆ వేడి మీద వంకలోకి దించినావనుకో, ఇరుసు గబుక్కున చల్లబడతాది, లోపలి గాలి కుంచించుకుపోతాది, బయట నుంచి గుంజుకుంటాది. గాలి దొరికితే గాలి, నీళ్ళు దొరికితే నీళ్ళు. ఇరుసు మీద చిన్న గాలి రంధ్రం ఉంటాది, బ్రీదరు అంటారు. అది మన్నుతో మూసుకుపోయింటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు గుంజుకుంటాది. దానికి ఒక రబ్బరు పైపు తగిలించి, బానెట్టు కిందికో, బాడీలో ఎత్తైన చోటికో తెచ్చి కట్టేయ్. బండిలో చేయించుకోవాల్సిన మొట్టమొదటి మార్పు ఇదే. టైరు ధరలో నూరో వంతు గూడా కాదు.

ముందర చక్రాల కాడ గుండ్రటి గిన్నె మాదిరి నకిల్ ఉంటాది. చక్రం తిరగాల, పక్కకు మళ్ళాల, రెండు పనులూ అక్కడే. దాని చుట్టూ ఉన్న సీలు చినిగితే గ్రీజు బయటికి, బురద లోపలికి. చక్రం లోపలి దిక్కు జిడ్డు కారి మన్ను అంటుకొని ఉంటే అదే గుర్తు. సీలు మార్చడానికి సోమరిపోతే, లోపల బేరింగు, జాయింటు రెండూ పోతాయి.

జాకీ పెట్టి ముందర చక్రం లేపు. పైనా కిందా పట్టుకొని ఊపు. కదిలితే బేరింగో, కింగ్‌పిన్నో వదులైంది. పక్కలు పట్టుకొని ఊపు. కదిలితే టై రాడ్డు ఎండ్లు. చక్రం దించి, ఒకణ్ణి స్టీరింగు అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పమను, నువ్వు కింద నుంచి చూడు. యాడ తిప్పుడు చక్రానికి అందకుండా పోతాందో కండ్లకే కనపడతాది. నలభై, యాభై వేగంలో ఒక గుంత తగలంగానే ముందర చక్రాలు రెండూ గడగడ వణికి స్టీరింగు చేతుల్లోంచి లాక్కునేటట్ల అయ్యే జీపులు ఉంటాయి. అది దయ్యం కాదు, పాత బండి అనే పేరు మీద వదిలేసిన వదులు. దాని మీద బరువైన పెద్ద టైర్లు వేసినావంటే వణుకు ఇంకా ఎక్కువవుతాది.

గ్రీజు నిపుళ్ళు. కమాన్ కట్టల షాకిళ్ళకు, జాయింటు క్రాసులకు, స్టీరింగుకు. బురద దావలో తిరిగినప్పుడల్లా కొత్త గ్రీజు ఎక్కించి, పాతది, దాంతోపాటే బురద బయటికి వచ్చేదాకా కొట్టాల. గ్రీజు ఎక్కట్లేదంటే నిపుల్ మూసుకుపోయింది, మార్చు. అది వదిలేసి "చుట్టూ పూసినాలే అన్నా" అనే షెడ్డు కుర్రోళ్ళు ఉంటారు, పక్కనే నిలబడు.

బ్రేకులు. ఈ పాత జీపులకు నాలుగు దిక్కులా డ్రమ్ము బ్రేకులే ఎక్కువ. వంక దాటినాక డ్రమ్ములో నీళ్ళుంటాయి, బ్రేకు పట్టదు. ఒడ్డు ఎక్కినాక నిదానంగా పోతానే బ్రేకు మెత్తగా తొక్కి పట్టుకొని కొంత దూరం పోతే వేడికి ఆరతాది. రేగడి మన్ను డ్రమ్ములోకి పోయి ఎండితే ఆకురాయి మాదిరి షూలను తినేస్తాది, వాన కాలం అయిపోయినాక డ్రమ్ములు విప్పి కడిగించాల. వీల్ సిలిండరు కాడ తడి కనపడితే ఆ దినమే మార్చు. బ్రేకు నూనె గాల్లోని తేమ గుంజుకుంటాది, రెండేండ్లకొకసారన్నా మొత్తం మార్చాల. నువ్వు దుడ్లు పెట్టి బండిని మార్చాలనే అనుకుంటే, బూస్టరు లేని బండికి తగిన బూస్టరు, ముందర డిస్కు బ్రేకులు మంచి మేస్త్రితో పెట్టించు. అది మార్పు అంటే.

మన దిక్కు ఎండలు ఎట్లుంటాయో చెప్పేపని లేదు. బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. రేడియేటరులో అవే పోస్తా ఉంటే కుండ అడుగున పట్టినట్ల లోపల తెల్లగా పొరలు కడతాది. కూలెంటు పోయాల. బయట నుంచి పత్తి దూది, గడ్డిగింజలు రెక్కల సందుల్లో ఇరుక్కుంటాయి, ఇంజిను దిక్కు నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడగాల. ముందర నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతాది. గాలి ఫిల్టరు కింద నూనె గిన్నె ఉండే రకమైతే, దుమ్ము కాలంలో ఆ నూనె మడ్డి అయిపోతాది. తరచూ మార్చు. ఊర్లో సీసాల్లో అమ్మే డీజిలు పోసుకుంటావు గాబట్టి ఫిల్టరు కింద నీళ్ళు వదిలే మర కూడా అప్పుడప్పుడు తిప్పాల.

అన్నిటికంటే పైన, నెలకొకసారి ఫోర్‌వీల్ వేసి మెత్త నేల మీద రెండు మూడు కిలోమీటర్లు తిప్పు. ముందర హబ్బులకు తిప్పే లాకులుంటే అవి గూడా వేసి. నూనె లోపలి భాగాలన్నిటికీ అందుతాది, రాడ్లు బిగుసుకోవు. మా దిక్కు అమావాస్య దినం బండ్లకు నిమ్మకాయలు కడతారు గదా, నేను ఆ దినమే పెట్టుకున్నా. నిమ్మకాయ కట్టేది మా ఇంట్లోవాళ్ళ పని, రాడ్డు లాగేది నా పని.

ఇవన్నీ అయినాకనే టైర్లు.

పాత జీపుకు కంపెనీ ఇచ్చిన టైరు 6.00-16. సన్నగా, ఎత్తుగా, దాదాపు ఇరవై ఎనిమిది ఇంచులు ఉంటాది. చూస్తే బక్కగా ఉండాదని మనోళ్ళకు నామోషీ. మన ముత్తాతల ఎద్దుల బండి చక్రం యాదికి తెచ్చుకో. సన్నటి ఇనుప పట్టా. పైన బురదను కోసుకుంటా పోయి కింద గట్టి పొరను పట్టుకుంటాది. ఎమ్మిగనూరు, కోసిగి దిక్కు ఎర్రనేల, గరుసు మీద పడిన పలచని బురదలో సన్న టైరే బాగా లాగుతాది. లోతు రేగడిలో కింద గట్టి పొర దొరకదు, అప్పుడు సన్నదైనా లావుదైనా కూర్చుంటాది. రేగడి అసలు గుణం ఏందంటే అది టైరు గాళ్ళల్లో నిండుకొని వదలదు. అప్పుడు నీ పదివేల రూపాయల టైరు నున్నటి ఉండ అయిపోతాది. పట్టీలు దూరం దూరంగా, లోతుగా ఉన్న టైరైతే తిరిగేటప్పుడు కొంత మన్ను విసిరేస్తాది. వెడల్పు గాదు చూడాల్సింది, ఆ గాళ్ళు.

హగరిలో ఇసక దావ దాటాల్సి వస్తే లెక్క తిరగబడతాది. గుల్యం కాడ ఏట్లో ఇసకలో ఇరుక్కున్నోళ్ళను శానామందిని చూసినా. ఇసకలో కోసుకోవడం కాదు, తేలాల. టైర్లల్లో గాలి పద్దెనిమిది దాకా దించితే టైరు సాగి, నేల మీద ఎక్కువ చోటు పట్టుకుంటాది. ట్యూబు టైరు గాబట్టి ఇంకా దించొద్దు. టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు తెగిపోతాది. రోడ్డెక్కంగానే మళ్ళీ గాలి కొట్టాల, పంపు బండిలోనే ఉండాల.

ముప్పై ఒక్క ఇంచుల టైరు వేస్తే ఏమవుతాదో లెక్క చేద్దాం. ఇరవై ఎనిమిదికి, ముప్పై ఒకటికి తేడా మూడించులు. ఇరుసు లేసేది దాంట్లో సగం, ఒకటిన్నర ఇంచు. అంతే. దానికి నువ్వు కట్టే ధర ఏమి? చక్రం చుట్టుకొలత పదో వంతు పెరిగింది, అంటే ప్రతి గేరులో లాగుడు అంత తగ్గినట్టే. లో గేరు కోసం గదా ఫోర్‌వీల్ కొన్నది? స్పీడు మీటరు యాభై చూపిస్తే నువ్వు యాభై ఐదులో పోతాంటావు. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకుకు ఎక్కువ బలం కావాల. ఇరుసు లోపలి కడ్డీలు, టై రాడ్లు ఆ పాత టైరుకు లెక్కగట్టినవి.

ఎత్తు లేపడం ఇంకా ప్రమాదం. ఈ జీపుల్లో కమాన్ కట్టలు ఇరుసు కింద ఉంటాయి. వాటిని ఇరుసు పైకి మారిస్తే ఒక్కసారిగా ఐదారు ఇంచులు లేస్తాది, ఖర్చు తక్కువ, అందుకే అందరూ అదే చేస్తారు. జాయింటు కోణం మారిపోయి వణుకు వస్తాది. గట్టిగా రేసిస్తే ఇరుసే మెలి తిరుగుతాది, స్టీరింగు కడ్డీల వరస చెడిపోతాది. వీటన్నిటినీ సరిచేసే మేస్త్రీలు లేకపోలేదు, చేస్తే బరువైన ఖర్చు. చేయకుండా వెల్డింగు కొట్టి పంపించేటోళ్ళే ఎక్కువ. ఈ పాత జీపు చక్రాల నడమ వెడల్పు నాలుగడుగులు, అంతే. తల మీద ఒక బిందె పెట్టుకొని గెనం మీద నడిచే అక్కను చూడు, మూడు బిందెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న అక్కను చూడు. కాలవ గట్టు మీద ఒక దిక్కు చక్రం కుంగినప్పుడు ఎవరు పడతారు?

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెప్తాండానంటే, మన జీపుల్లో ఎక్కేది కెమెరా పట్టుకున్న స్నేహితులు మాత్రమే కాదు. పత్తి తీసే కాలంలో తెల్లారకముందే మన అక్కలు, అమ్మలు, బడి మానేసిన పిల్లలు జీపు వెనకాల, మెట్టు మీద, టాపు మీద. దానికోసమని వెనక చాసీకి ముక్క అతికి బాడీ పొడుగు చేసినవి ఉండాయి. బరువు రెండింతలైతే బ్రేకు ఆపాల్సిన బలం రెండింతలవుతాది. వేగం రెండింతలైతే నాలుగింతలు. అతికిన చాసీ మొదట పగిలేది అతుకు పక్కనే, లోడు మీదున్నప్పుడే. బురదలో చక్కగా పోతాదని ఎత్తు లేపిన జీపులో ఇరవై మందిని ఎక్కిస్తే, ఆ బరువంతా ఇంకా పైన కూర్చుంటాది. కూలి డబ్బుల్లోంచి బండి చార్జీ పట్టుకునే గుత్తేదార్లను నేను ఎన్నోసార్లు అడిగినా: ఆ చార్జీలో బ్రేకు నూనె ఖర్చు ఉండాదా? ఇంతవరకు ఒక్కడూ జవాబు చెప్పలేదు.

చట్టం గూడా తెలుసుకోండి, పోలీసాయన ఆపినప్పుడు తెలుసుకుంటే లాభం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ తయారుచేసినదానికి తేడా వచ్చేటట్ల బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. ఇంజిను మార్చాలంటే ముందు ఆర్టీఓ అనుమతి తీసుకొని, ఆర్‌సీలో రాయించుకోవాల. ముందర పెట్టే ఇనుప బుల్‌బారును 2017 డిసెంబరులోనే కేంద్రం తప్పని చెప్పింది. దెబ్బను మెత్తబరచాల్సిన చోట అది నేరుగా చాసీకి చేరుస్తాది, ఎదురొచ్చిన మనిషికైతే చెప్పేపని లేదు. సొంత బండి ఆర్‌సీ 15 ఏండ్లు, ఆ తర్వాత ఐదేండ్లకొకసారి కొత్త చేయించుకోవాల. ఆ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి కారు తరగతి బండ్లకు 600 రూపాయల నుంచి 5,000కు పెంచినారు. 20 ఏండ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేసినారు. పాత జీపు బేరమాడేటప్పుడు ఇది లెక్కలో పెట్టుకో, ఆర్‌సీ తారీఖు చూడకుండా బయానా ఇయ్యొద్దు. సొంత బండి పేరు మీద చార్జీ తీసుకొని జనాన్ని ఎక్కిస్తే, ఏమన్నా జరిగినప్పుడు ఇన్సూరెన్సు చెయ్యి ఎత్తేస్తాది, పొలమమ్మినా తీరదు.

వంక దాటే ముందు దిగి, కట్టె పట్టుకొని నడిచి చూడు. నడవలేని నీళ్ళల్లోకి బండి దించొద్దు. అడుగు లోతు ఉరికే నీళ్ళు చిన్న కారును లేపుతాయి, రెండడుగులు శానా బండ్లను కొట్టుకపోతాయి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర మంత్రాలయాన్నే ముంచేసింది, మన జీపు ఎంత. నిలబడిన నీళ్ళైతే లో గేరులో, ఒకే వేగంలో, నడమ ఆపకుండా దాటాల. డీజిలు ఇంజినుకు ప్లగ్గుల బాధ లేదు గానీ గాలి పీల్చే చోటుకు నీళ్ళందితే కథ అయిపోయింది. గాలిని నలిపినట్ల నీళ్ళను నలపలేదు గాబట్టి లోపల కనెక్టింగు రాడ్డు వంగిపోతాది. నీళ్ళల్లో ఆగిపోయిన బండిని మళ్ళీ స్టార్టు చేయొద్దు, బయటికి లాగి ఫిల్టరు విప్పి చూసినాకనే. ఫ్యాను నీళ్ళను ఎగజిమ్మకుండా బానెట్టు ముందర ఒక గోనెసంచి కట్టడం మన లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో చేసేదే.

ఇరుక్కుంటే? మొదట దిగు. చక్రాల ముందర మన్ను తవ్వు. పత్తి కట్టె మన దిక్కు యాడ చూసినా ఉంటాది, మోపులు మోపులుగా చక్రం కింద అడ్డంగా పరిచి తొక్కించు. కొన్న పట్టాల కంటే అది బాగా పట్టుకుంటాది, ఉత్తపుణ్యానికి దొరుకుతాది. ట్రాక్టరుతో లాగిస్తే కొక్కెం చాసీకి బిగించినదై ఉండాల, బంపరుకు కాదు. ఇనుప తాడు మీద తడి గోనె ఒకటి వేయి, తెగితే దాని ఊపు తగ్గుతాది. జనాన్ని తాడు పొడుగు కంటే ఎక్కువ దూరం నిలబెట్టు. వీడియో తీసేటోణ్ణి ఇంకా దూరం.

ఆ ఎమ్మిగనూరు తమ్ముడు పోయిన ఆదివారం జీపు తోలుకొని ఆదోనికి వచ్చినాడు. వాళ్ళ నాయన గూడా వచ్చినాడు, కొడుకు దుడ్లు యాడ తగలేస్తాండాడో చూద్దామని. నాకు తెలిసిన మేస్త్రి దగ్గర ముగ్గురమూ కింద పండుకున్నాము. వెనక ఇరుసు బిరడా తీస్తే నూనె అచ్చం టీ మాదిరి కారింది. ఎడమ ముందర చక్రం ఊపితే ఇంచి ఆడింది. వెనక డ్రమ్ము విప్పితే ఒక సిలిండరు కారుతాంది, షూ సగం లేదు. ముందర ఇరుసు రాడ్డు లాగితే కదల్లేదు. మేస్త్రి డీజిలు పోసి, సుత్తితో మెల్లగా తట్టి తట్టి, ఒక గంటకు కదిలించినాడు.

ఆ నాయన లేసి చొక్కా దులుపుకొని, "రేయ్, దీంట్లోనేనా మీ అమ్మను మొన్న రాఘవేంద్రస్వామి దర్శనానికి తీసకపోయింది?" అని అడిగినాడు. తమ్ముడు ఏం మాట్లాడలేదు.

టైర్లకని దాచిన దుడ్లల్లో సగం సీళ్ళకు, బేరింగులకు, బ్రేకులకు పోయింది. మిగిలిన సగం ఆర్‌సీకి పెట్టుకున్నాడు. బ్రీదరు పైపు మాత్రం నా దగ్గర మిగిలిన ముక్క ఇచ్చినా.